దారి వాళ్లే వెతుక్కుంటారు!

జపాన్‌లో స్కూలు పిల్లల యాత్ర అంటే గుళ్లూ బజార్లూ చూసి రావడమే కాదు. తెలియని ఊళ్లో తమంతట తాము తిరిగి, చెప్పిన వేళకు క్షేమంగా వెనక్కి రావడం. యుద్ధాన్నీ ఘోర ప్రమాదాన్నీ కూడా తట్టుకుని నిలిచిన ఆ అలవాటుకి ఇప్పుడో కొత్త చిక్కొచ్చి పడింది.

మే నెలలో ఓ ఉదయం. క్యోటో నగరంలోని హోటళ్ల ముందు ఎక్కడ చూసినా యూనిఫాం పిల్లలే. అంతా పద్నాలుగు, పదిహేనేళ్లవాళ్లు. ఐదారుగురు చొప్పున జట్లు కట్టి నిలబడతారు. ప్రతి జట్టుకీ ఓ నాయకుడు. ఒకరి చేతిలో ఊరి పటం. టైము చూసుకునే పని మరొకరిది. ఇంకొకరి దగ్గర మందుల సంచీ. టీచరు నాలుగు జాగ్రత్తలు చెప్పి, సాయంత్రం ఎన్నింటికి తిరిగి రావాలో గుర్తుచేస్తారు. అంతే... పిల్లలు ఊళ్లోకి వెళ్లిపోతారు. వెంట టీచరు ఉండరు. ఏ బస్సెక్కాలి, ఏ గుడి ముందు చూడాలి, మధ్యాహ్నం ఎక్కడ తినాలి... అన్నీ వాళ్లు ముందే కూర్చుని వేసుకున్న లెక్కలే!

ఎక్స్‌కర్షన్ అనగానే మనకేం గుర్తొస్తుంది? తెల్లవారుజామున బయల్దేరే బస్సు, పులిహోర పొట్లాలు, అంత్యాక్షరి, 'లైను తప్పొద్దు' అంటూ మాస్టార్ల కేకలు. అల్లరికి జపాన్ పిల్లలూ ఏమీ తీసిపోరు. కాకపోతే అక్కడ ఆ యాత్రను 'షుగాకు ర్యోకో' అంటారు. చదువు కోసం చేసే ప్రయాణం అని అర్థం. అది సెలవుల్లో సరదా కాదు, బడి కార్యక్రమాల్లో భాగం. ప్రాథమిక, మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు దాటేలోగా చాలామంది పిల్లలు ఒక్కో దశలో ఒక్కో యాత్ర చేస్తారు. టోక్యో వైపు పిల్లలకైతే మాధ్యమిక పాఠశాల ఆఖరి ఏడాదిలో క్యోటో, నారా నగరాల యాత్ర ఆనవాయితీ. రెండు రాత్రులు, మూడు రోజులు.

కవాతుతో మొదలైంది

ఈ అలవాటుకి దాదాపు నూట నలభై ఏళ్లు. 1886 ఫిబ్రవరిలో టోక్యోలోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల విద్యార్థులు చోషి అనే సముద్రతీర పట్టణం దాకా పదకొండు రోజుల యాత్ర చేశారు. సైనికుల్లా కవాతు చేయడం, దారిలో కనిపించినవాటిని పరిశీలించి నేర్చుకోవడం... రెండూ అందులో భాగమే. తర్వాత కవాతు పోయింది, ప్రయాణం మిగిలింది. రైళ్లు వచ్చాక బడులన్నీ పాత రాజధానులైన క్యోటో, నారాల దారి పట్టాయి.

రెండో ప్రపంచయుద్ధం ముదిరేసరికి యాత్రలు ఆగిపోయాయి. యుద్ధం ముగిశాక మళ్లీ మొదలయ్యాయి. కానీ అప్పటికి దేశంలో తిండికే కరవు. సత్రాల్లో వండి పెట్టడానికి బియ్యం ఉండేవి కావు. దాంతో పిల్లలు తమ వాటా బియ్యాన్ని మూటగట్టుకుని వెంట తీసుకెళ్లేవారు. కడుపు నిండా తినడమే గగనమైన రోజుల్లోనూ పిల్లల్ని ఊరు చూడ్డానికి పంపడం మానలేదన్నమాట!

1959 నాటికి రోజులు మారాయి. కేవలం స్కూలు పిల్లల కోసమే ప్రత్యేక రైళ్లు వేశారు. టోక్యో నుంచి వెళ్లే రైలు పేరు 'హినొదె'... అంటే సూర్యోదయం. క్యోటో, ఒసాకాల వైపు నుంచి వచ్చేదాని పేరు 'కిబో'... అంటే ఆశ. 1964లో బుల్లెట్ రైలు వచ్చాక పిల్లలు మెల్లగా అందులోకి మారారు. ఇప్పుడు టోక్యో నుంచి క్యోటోకి రెండుంపావు గంటల ప్రయాణం.

ఆ మంచు ఉదయం...

ఈ కథలో ఓ కన్నీటి పుట కూడా ఉంది. 1955 మే 11. సెతో లోతట్టు సముద్రాన్ని దట్టమైన పొగమంచు కమ్మేసింది. షికోకు దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య అప్పట్లో వంతెన లేదు. రైలు దిగి పడవ ఎక్కాల్సిందే. ఆ ఉదయం 'షియున్ మారు' అనే పెద్ద పడవ మరో పడవను ఢీకొని, నిమిషాల్లో మునిగిపోయింది. 168 మంది చనిపోయారు. వారిలో దాదాపు వందమంది స్కూలు యాత్రలో ఉన్న పిల్లలు. ఇంట్లోవాళ్ల కోసం కొన్న కానుకలు తెచ్చుకుందామని కొందరు పిల్లలు మళ్లీ లోపలికి వెళ్లారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంత పెద్ద దెబ్బ తగిలాక ఎవరైనా ఏమంటారు? 'ఇక యాత్రలూ వద్దు, గీత్రలూ వద్దు' అంటారు. అక్కడ మాత్రం పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు. దారిని బాగుచేసే పనిలో పడ్డారు. సముద్రం మీద వంతెన కావాలన్న డిమాండుకి ఆ దుర్ఘటన బలమిచ్చింది. ముప్ఫై మూడేళ్లు పట్టింది కానీ, 1988 ఏప్రిల్‌లో సెతో మహావంతెన తెరుచుకుంది. బడుల్లో ఈతకొలనులు కట్టడం, పిల్లలకు ఈత నేర్పడం ఊపందుకోవడానికీ ఆ ప్రమాదం ఓ ముఖ్య కారణం అంటారు.

ఇప్పుడు పిల్లల్ని ఊళ్లోకి వదలడం వెనకా అలాంటి జాగ్రత్తే కనిపిస్తుంది. యాత్రకు కొన్ని నెలల ముందు నుంచే జట్లు కూర్చుని తిరగాల్సిన చోట్లు, బస్సు నంబర్లు, టైములు రాసుకుంటాయి. వాటన్నిటితో 'షియోరి' అనే చిన్న పుస్తకం తయారవుతుంది. టీచర్లు కొన్ని ముఖ్యమైన చోట్ల నిలబడి, వచ్చిన జట్టునల్లా లెక్క చూసుకుంటారు. చాలా బడులు జట్టుకో ఫోను ఇస్తాయి. కొన్ని జట్లకు టాక్సీ మాట్లాడతారు. ఆ డ్రైవరే గుళ్ల కథలు చెబుతాడు. చెప్పిన సమయానికి ఐదు నిమిషాల ముందే ఉండాలన్నది పిల్లలకు బళ్లో మొదటి నుంచీ నేర్పే పద్ధతి. దారి తప్పితే? ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకోవాలి. అదీ పాఠమే!

బుద్ధుడి ముక్కులో దూరి...

ఇంతకీ పిల్లలు ఏం చూస్తారు? నారాలో మొదటి హడావుడి జింకలతో. వెయ్యికి పైగా జింకలు పార్కులో స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. కసుగా దేవుడి దూతలని వాటికి పేరు. తవుడు కలిపి చేసిన బిస్కెట్లు కొని చూపిస్తే తలవంచి దణ్నం పెడతాయి. బిస్కెట్ ఇవ్వడం ఆలస్యమైతే చొక్కా పట్టి లాగుతాయి!

అక్కడే తొదాయిజీ ఆలయం. లోపల దాదాపు పదిహేను మీటర్ల ఎత్తున కంచు బుద్ధుడు కొలువుదీరి ఉంటాడు. ఆ బుద్ధుడికీ మన దేశానికీ ఓ చుట్టరికం ఉంది. 752లో విగ్రహానికి కళ్లు తెరిపించే వేడుక జరిగినప్పుడు కుంచె పట్టి కనుపాపలు దిద్దింది భారతదేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. ఆ కుంచెకు కట్టిన పొడవాటి దారాలను పట్టుకుని, అక్కడికి వచ్చినవాళ్లంతా ఆ పుణ్యంలో పాలుపంచుకున్నారు. ఆలయంలోని ఓ స్తంభానికి అడుగున కన్నం ఉంటుంది. బుద్ధుడి ముక్కు రంధ్రం అంత ఉంటుందట అది. అందులోంచి దూరి బయటపడితే మేలు జరుగుతుందని నమ్మకం. బక్కపలచటి పిల్లలు సర్రున దూరిపోతే, బొద్దుగా ఉన్నవాళ్లను మిగతావాళ్లు చేతులు పట్టి లాగాల్సిందే.

క్యోటోలో కియోమిజు ఆలయం చూడని జట్టు అరుదు. కొండవాలు మీద పదమూడు మీటర్ల ఎత్తున చెక్క వేదిక. మేకులు వాడకుండా, దూలాలను ఒకదాంట్లో మరొకటి దూర్చి నిలబెట్టారు. ఇప్పుడున్న కట్టడం 1633 నాటిది. గుండె దిటవు చేసుకుని ఏదైనా పెద్ద నిర్ణయం తీసుకోవడాన్ని జపాన్‌లో 'కియోమిజు వేదిక మీంచి దూకడం' అంటారు. వేదిక కింద మూడు ధారలుగా నీళ్లు పడతాయి. ఆయుష్షు, చదువు, ప్రేమ... ఒక్కో ధారకి ఒక్కో ఫలం అంటారు. మూడూ తాగితే అత్యాశ కింద లెక్క!

మాధ్యమిక పాఠశాల ముగించేవాళ్లకి ఆ చలికాలంలోనే ప్రవేశ పరీక్షలు. కాబట్టి కితానో తెన్‌మాన్‌గూకి వెళ్లకుండా ఉండరు. తొమ్మిదో శతాబ్దపు పండితుడు సుగవారా మిచిజానే అక్కడ చదువుల దేవుడు. గుడి ఆవరణలోని ఎద్దు విగ్రహాల తలలు పిల్లల చేతులు తగిలి తగిలి నున్నగా మెరుస్తుంటాయి. బాసర సరస్వతమ్మ ముందు పెన్నులు పెట్టి దణ్నం పెట్టుకునే మన పిల్లలకు ఈ భక్తి గురించి వేరే చెప్పాలా?

అంగట్లో లెక్కల పాఠం

గుళ్లు అయ్యాక బజారు. నాలుగు వందల మీటర్ల లోపు పొడవుండే ఇరుకు సందు నిషికి. అటూ ఇటూ కలిపి వందకు పైగా దుకాణాలు. ఉప్పులో ఊరిన కూరగాయలు, ఎండు చేపలు, తోఫు, కత్తులు, టీ పొడులు... 'క్యోటో వంటిల్లు' అని ఊరికే అనలేదు. 1716లో ఇక్కడి కూరగాయల టోకు వ్యాపారి ఇంట పుట్టిన ఇతో జకుచు ఆ తర్వాత జపాన్ గర్వించే చిత్రకారుడయ్యాడు. కోళ్లనూ కూరగాయలనూ ఆయన గీసినట్టు గీసినవాళ్లు తక్కువ. ఇక్కడ నడుస్తూ తినడం మర్యాద కాదు. కొన్న దుకాణం దగ్గరే నిలబడి తినేసి కదలాలి.

చేతిఖర్చుకి ఎంత తెచ్చుకోవచ్చో చాలా బడులు ముందే నిర్ణయిస్తాయి. ఉన్నవాళ్ల పిల్లలైనా లేనివాళ్ల పిల్లలైనా అంతే. ఆ కాస్త డబ్బుతోనే మధ్యాహ్నం తిండి, ఇంట్లోవాళ్లకు కానుకలు. దాల్చినచెక్క వాసన వేసే 'యాత్సుహాషి' మిఠాయి నాయనమ్మకి, గుడి రక్షరేకు అన్నయ్యకి. అమ్మకి ఏం కొనాలో తేలక అరగంట. చివరికి డబ్బులన్నీ పెట్టి చెక్క కత్తి కొనుక్కునే కుర్రాళ్లూ ఉంటారు. యాత్ర ఖర్చు కోసం తల్లిదండ్రులు నెలనెలా కొంత కడుతూ వస్తారు. కట్టలేని కుటుంబాలకు ప్రభుత్వ సాయం ఉంటుంది.

బస్సులో చోటేదీ?

ఇన్నేళ్ల ఆనవాయితీకి ఇప్పుడొచ్చిన చిక్కు... జనం! 2024లో జపాన్‌కి వచ్చిన విదేశీ పర్యటకులు 3 కోట్ల 68 లక్షలు. వాళ్లలో చాలామంది చూడాలనుకునేది క్యోటోనే. హోటళ్ల ధరలు పెరిగాయి. సిటీ బస్సుల్లో కాలు పెట్టే చోటు ఉండట్లేదు. పిల్లలు రాసుకున్న టైములన్నీ ఒక్క బస్సు తప్పితే తారుమారు. రోజంతా ఎన్ని బస్సులైనా ఎక్కే వీలున్న చవక బస్సు పాసు అమ్మకాన్ని రద్దీ కారణంగా 2023 సెప్టెంబరుతో ఆపేశారు. దాంతో కొన్ని బడులు క్యోటోని వదిలి వేరే ఊళ్ల వైపు చూస్తున్నాయి. అసలు పిల్లలే తగ్గిపోతున్నారు. 2024లో జపాన్‌లో పుట్టింది ఏడు లక్షల లోపే.

క్యోటో కూడా వాళ్లను పోగొట్టుకోదల్చుకోలేదు. 2018 అక్టోబరు నుంచి నగరంలో బస చేసేవారి దగ్గర పన్ను తీసుకుంటున్నా, స్కూలు యాత్ర పిల్లలకు మినహాయింపు ఇచ్చారు. 2026 మార్చిలో పన్ను బాగా పెంచినప్పుడూ దాన్ని తీసేయలేదు. పదిహేనేళ్లప్పుడు చూసిన ఊరిని మళ్లీ పెళ్లయ్యాక ఒకసారి, పిల్లలు పుట్టాక మరోసారి చూడ్డానికి వస్తారని ఆ ఊరికి తెలుసు.

2020లో కొవిడ్ వచ్చి ఎన్నో బడుల యాత్రలు రద్దయినప్పుడు, పోయినవి గుళ్లు కావు. అవి ఎక్కడికీ పోవు, ఎప్పుడైనా చూడొచ్చు. ఐదుగురు స్నేహితులు ఓ పటం పట్టుకుని, పెద్దవాళ్లెవరూ లేకుండా కొత్త ఊళ్లో తిరిగే రోజు మాత్రం ఆ వయసులో ఒక్కసారే వస్తుంది. బుద్ధుడి ఎత్తెంతో తర్వాత ఏ పిల్లాడికీ గుర్తుండకపోవచ్చు. తప్పు బస్సెక్కినా సరే, ఐదు నిమిషాల ముందే వెనక్కి వచ్చేశామన్న సంగతి మాత్రం ముసలివాళ్లయ్యాక కూడా చెప్పుకుంటారు!