కడబంతి జట్టు

మొన్న కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి కూర్చున్నాను. పక్కన చేరినవాడు నా పాత శిష్యుడు. ఇప్పుడు ఎల్లారెడ్డిలో పిల్లలకు హాకీ నేర్పుతున్నాడు. కుశలప్రశ్నలైనా కాకముందే, "సార్, గ్రూపులో అడుగున నిలిచిన జట్టును క్వార్టర్ ఫైనల్సుకు పంపడం న్యాయమేనా?" అన్నాడు.

"పరీక్ష తప్పినవాణ్ణి పై క్లాసుకు పంపడం ఎక్కడి న్యాయమయ్యా?" అన్నాను. లెక్చరర్ని గదా!

"అయితే మన దేశం పతకం తిరిగి ఇచ్చెయ్యాలి సార్" అన్నాడు నవ్వుతూ.

వాడన్నది నిజమే. 2015లో రాయ్‌పూర్‌లో ప్రపంచ హాకీ లీగ్ ఫైనల్సు జరిగాయి. ఎనిమిది జట్లు, రెండు గ్రూపులు. ఎనిమిదింటికీ క్వార్టర్ ఫైనల్సులో చోటు ఉంది. మనవాళ్ళు రెండు ఆటలు ఓడి, ఒకటి సమం చేసి, గ్రూపులో ఆఖరున నిలిచారు. ఆ తర్వాత బ్రిటన్‌ను ఓడించి, చివరకు కాంస్యం తెచ్చారు. 2017లో భువనేశ్వర్‌లోనూ అదే కథ. గ్రూపులో ఆఖరు, అయినా అవతలి గ్రూపులో మూడు ఆటలూ గెలిచిన బెల్జియంను షూటౌట్‌లో ఇంటికి సాగనంపలేదు గాని, పతకానికి దూరం చేశారు. మళ్ళీ కాంస్యం మనదే.

అంతకుముందు 2014లో ఛాంపియన్స్ ట్రోఫీలో, గ్రూపులో మూడూ ఓడిన పాకిస్తాన్ సెమీఫైనల్సులో మనల్నే 4-3తో ఓడించింది. అప్పుడు మాత్రం ఆ నిబంధన మనకు అన్యాయంగా తోచింది కాబోలు!

"ఇంతకూ నీ బాధేమిటి?" అన్నాను.

వాడు తల గోక్కున్నాడు. "మా పిల్లలు ఈసారి లీగులో ఆఖరున ఉన్నారు సార్. మీరు కమిటీలో ఉన్నారు గదా! ఇంకొక్క ఆట ఆడనిస్తే..."

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. విందులో అది చెల్లుతుందేమో గాని, మైదానంలో చెల్లదు. రాయ్‌పూర్‌లో నిబంధన ముందే ఉంది, అందరికీ ఒకటే. ఆట సగమయ్యాక మార్చిన నిబంధన దయ కాదు, పక్షపాతం. నెగ్గినవారి చెమటకు విలువుండాలి గదా! 2018 ప్రపంచ కప్పులో గ్రూపు విజేతలు నేరుగా క్వార్టర్ ఫైనల్సుకు వెళ్ళారు. రెండు, మూడు స్థానాలవారు మరో ఆట గెలిచి వెళ్ళారు. ఆఖరివారు ఇంటికి వెళ్ళారు. నా మనసుకు నచ్చిన పద్ధతి అది.

వాడి ముఖం చిన్నబోయింది. నాకూ కష్టంగానే ఉంది. "2008లో డెక్కన్ ఛార్జర్స్ ఐపీఎల్‌లో అందరికంటే అడుగున నిలిచింది. ఎవరూ జాలిపడి సెమీఫైనల్సుకు పంపలేదు. 2009లో అందరితోపాటు సున్నా నుంచి మొదలుపెట్టి కప్పే గెలిచింది. ఆఖరివాడికి ఇవ్వవలసింది ఆ సున్నాయే నాయనా! పిల్లలకు ఎక్కువ ఆటలు కావాలంటే వచ్చే యేడు పోటీలు మొదలుకాకముందే కమిటీలో అడుగుతాను" అన్నాను.

ఎల్లారెడ్డి వచ్చింది. వాడు నా సంచీ అందుకొని దిగుతూ, "ఆ మాట మరిచిపోకండి సార్. మిగతాది మా పిల్లలు చూసుకుంటారు" అన్నాడు.