నాలుగో లేబుల్ లేని మిషన్

ప్రతి ఏడాదీ మన డిపార్ట్‌మెంట్ మినీ ప్రాజెక్టుల లిస్టులో ఒకటి తప్పకుండా ఉంటుంది: డీప్ లెర్నింగ్‌తో లుకేమియా డిటెక్షన్. అక్యురసీ 99 పాయింట్ ఏదో. రివ్యూలో చప్పట్లు, తర్వాత జిప్ ఫైలు, అంతే సంగతులు. ఆ ప్రాజెక్టులు చేసేవాళ్ళ మీద నాకేం కోపం లేదు. కానీ మాది ఉదయగిరి వైపు. అక్కడ ఒక పిల్లాడికి నిజంగా లుకేమియా వస్తే ఈ 99 ఎట్టా పనికొస్తుందో ఎవరైనా చెప్తారేమోనని ఏడాదిన్నరగా చూస్తున్నా.

బ్లడ్ కేన్సర్ అనగానే మనకి సినిమా గుర్తొస్తుంది. హీరో దగ్గుతాడు, తెల్ల కర్చీఫ్ మీద ఎర్రటి మరక, డాక్టరు కళ్ళజోడు తీసి నిట్టూరుస్తాడు. ఇంతకీ ఆ డాక్టరుకి సంగతి ఎవరు చెప్పారు? ఎక్కడో ఒక గదిలో మైక్రోస్కోపు ముందు కూచున్న పెథాలజిస్టు. వాళ్ళు సినిమాలోనూ కనపడరు, పేషెంటుకీ కనపడరు. రిపోర్టు కింద ఒక సంతకం, అంతే.

నిజానికి ఈ జబ్బు కథలో ముఖ్యమైన మలుపులన్నిట్లో పెథాలజిస్టులే ఉన్నారు. 1847లో 'తెల్ల రక్తం' అనే అర్థంలో దీనికి లుకేమియా అని పేరు పెట్టిన ఫిర్కో జర్మన్ పెథాలజిస్టు. ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ అనే పెథాలజిస్టు స్లైడుల్ని మామూలు కుళాయి నీళ్ళతో కడిగితే కణాలు ఉబ్బి క్రోమోజోములు విడివిడిగా కనపడ్డాయి. ఆ దారిలో వెళ్ళి 1960లో డేవిడ్ హంగర్‌ఫర్డ్‌తో కలిసి క్రానిక్ మైలాయిడ్ లుకేమియా రోగుల్లో పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమ్‌ని పట్టుకున్నాడు. ఆ పొట్టి క్రోమోజోమ్ వెనక పడితే చివరికి ఇమాటినిబ్ మాత్ర వచ్చింది. ఆ మాత్రని మన హైదరాబాద్ నాట్కో కూడా తయారుచేసింది. పేటెంటు కోసం నోవార్టిస్ వేసిన కేసుని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కొట్టేసింది.

ఇంకొకాయన ఉన్నాడు, సిడ్నీ ఫార్బర్. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో పెథాలజిస్టు. అంటే ఏళ్ళ తరబడి ఆయన పని ఎక్కువగా చనిపోయిన పిల్లలతోనే. అప్పట్లో అక్యూట్ లుకేమియా వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవాళ్ళు. వాళ్ళకి ఫోలిక్ యాసిడ్ రకం మందు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా జోరందుకున్నట్టు అనిపించింది ఆయనకి. అంటే ఆ కణాలకి కావాల్సిన తిండి ఇదే. మరి అచ్చం ఆ తిండిలాగే కనపడే ఉత్తుత్తి పదార్థం పెడితే?

ఆ ఉత్తుత్తి పదార్థం పేరు అమినాప్టెరిన్. అది వచ్చింది న్యూయార్క్ దగ్గర లెడర్లీ ల్యాబ్స్‌లో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిస్తున్న రీసెర్చ్ విభాగం నుంచి. భీమవరంలో 1895లో పుట్టి, స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు సోదరుల్ని పోగొట్టుకున్న మనిషి. ఆ జబ్బుకి పనికొచ్చే ఫోలిక్ యాసిడ్‌ని ఆయన బృందం ల్యాబులో తయారుచేసింది. తర్వాత దాన్నే కాస్త మార్చి లుకేమియా మీదికి వదిలింది. 1948 జూన్‌లో ఫార్బర్ పేపర్ వచ్చింది. మందు ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మంది తేరుకున్నారు. కొన్నాళ్ళే తేరుకున్నారు, కానీ అంతకుముందు అదీ లేదు. రచయితల లిస్టులో సుబ్బారావు పేరుండదు. ఆ ఆగస్టులోనే ఆయన 53 ఏళ్ళకి చనిపోయారు.

ఆ మందుకి తమ్ముడు మెథోట్రెక్సేట్. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ రకానికి ఇప్పటికీ వారం వారం ఇచ్చే మాత్ర అదే. అన్ని సదుపాయాలూ ఉన్న దేశాల్లో ఈ రకం వచ్చిన పిల్లల్లో పదికి దాదాపు తొమ్మిదిమంది బతుకుతున్నారు. జనవరి 12న 'మన తెలుగోడు' అని సుబ్బారావు ఫొటో స్టేటస్ పెట్టేవాళ్ళు మన క్లబ్బులోనే చాలామంది. పెట్టండి, మంచిదే. ఆయన మందు మనకి దొరుకుతుంది. టైముకి దొరకనిది ఫార్బర్. మైక్రోస్కోపులోకి చూసే ఆ కన్ను.

మా మెట్టలో సీన్ ఎట్టా ఉంటుందంటే: పిల్లాడికి జ్వరం తగ్గదు, మొహం పాలిపోతుంది, కాళ్ళు నొప్పులంటాడు. టైఫాయిడ్ అంటారు. ప్లేట్‌లెట్లు తగ్గితే డెంగీ అంటారు. మధ్యలో ఎవరో ఒకరు డెక్సా సూది వేస్తారు, జ్వరం దిగిపోతుంది, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. డెక్సా స్టెరాయిడ్. స్టెరాయిడ్ ఈ లుకేమియా కణాల్ని కొన్నాళ్ళు కరిగించేస్తుంది. ఆ తర్వాత పరీక్ష చేస్తే జబ్బు దాక్కుని ఉంటుంది. బాగైనట్టు కనపడటమే ఇక్కడ ప్రమాదం.

రక్త పరీక్ష చేయరా అంటే చేస్తారు. సీబీసీ మిషన్లు చిన్న చిన్న ఊళ్ళకీ వచ్చేశాయి. నా కడుపు మండేది ఇక్కడే, సీఎస్ఈ వాళ్ళకి ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. చిన్న ల్యాబుల్లో ఎక్కువగా ఉండే త్రీ పార్ట్ మిషన్ తెల్ల కణాల్ని సైజుని బట్టి మూడు గుంపులు చేస్తుంది: లింఫోసైట్, గ్రాన్యులోసైట్, మధ్య రకం. అంటే మూడు లేబుళ్ళున్న క్లాసిఫయర్. లుకేమియా బ్లాస్ట్ కణం నాలుగోది. దానికి లేబుల్ లేదు. అందుకని ఏదో ఒక గుంపులో పడిపోతుంది, 'లింఫోసైట్లు 80 శాతం' అని నీట్‌గా ప్రింటు వస్తుంది. కొన్ని మిషన్లు పక్కన ఒక గుర్తు పెడతాయి, కానీ ఆ గుర్తు చూసి ఆగేవాళ్ళు ఉండాలి. ఆగి, ఒక చుక్క రక్తం గాజు పలక మీద రాసి, లీష్‌మన్ రంగు వేసి, వంద రెట్ల ఆయిల్ లెన్సు కింద పెడితే, తెలిసినవాళ్ళకి అనుమానం రావడానికి నిమిషాలు చాలు. ఏ రకమో తేలాలంటే ఎముక మజ్జ తీయాలి, ఫ్లో సైటోమెట్రీ చేయాలి, దానికి పెద్ద ఊరు వెళ్ళక తప్పదు. కానీ వెళ్ళాలి అని చెప్పేది ఆ మొదటి పలకే.

ఇప్పుడు మన 99కి వద్దాం. మనవాళ్ళు ఎక్కువగా వాడే సీ-ఎన్ఎంసీ డేటాసెట్‌లో 15 వేల పైచిలుకు కణాల బొమ్మలున్నాయి. మనుషులు మాత్రం 118 మందే. బొమ్మల్ని కలగాపులగం చేసి ట్రైన్, టెస్ట్ అని విడగొడితే ఒకే పిల్లాడి కణాలు రెండువైపులా పడతాయి. మోడల్ నేర్చుకునేది జబ్బునా, ఆ పిల్లాడి స్లైడు రంగునా? రివ్యూలో ఈ ప్రశ్న ఎవరైనా అడగ్గా నేను వినలేదు. పైగా ఆ బొమ్మలు చక్కగా రంగేసి, కణాన్ని కత్తిరించి ఇచ్చినవి. ఆత్మకూరులో మే నెల ఎండలో వేసిన స్మియర్ అట్టా ఉండదు.

మరి ఏం చేయాలి అంటే, నా లెక్క ప్రకారం చాలా బోరింగ్ పని. ఉదయగిరి నుంచి నెల్లూరు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ఈడీటీఏ ట్యూబులో రక్తం పోసి బస్సులో పంపితే, గంటలు గడిచేకొద్దీ, వేడి తగిలేకొద్దీ కణాల ఆకారం చెడిపోతుంది. అదే రక్తంతో అక్కడికక్కడే పలక రాసి, ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచితే నిలబడుతుంది. ఐపీస్ మీద ఫోన్ పెట్టి పది ఫొటోలు తీస్తే నెల్లూరులోనో తిరుపతిలోనో ఉన్న పెథాలజిస్టుకి అరనిమిషంలో వెళ్తాయి. కావాల్సింది ఒక క్యూ, ఒక లాగిన్, సిగ్నల్ లేనప్పుడు దాచుకుని తర్వాత పంపే కోడ్, 'వెంటనే పంపండి' అనే ఒక్క బటన్. 'డెక్సా ఇచ్చారా?' అని ఒక చెక్‌బాక్స్ తప్పనిసరి. న్యూరల్ నెట్‌వర్క్ అక్కర్లేదు. కావాలంటే తర్వాత పెట్టుకోవచ్చు, క్యూలో ఏది ముందు చూడాలో చెప్పడానికి, అదీ 'నాకు తెలియదు' అనే లేబుల్‌తో సహా.

పెథాలజిస్టుకి ఇది అదనపు పని, డబ్బులెవరిస్తారు అని మా రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఒక్కో పలకకి ఇంత అని కట్టాల్సిందే, ఉచిత సేవ మీద ఏదీ నడవదు. టెక్నీషియన్‌కి పలక సరిగ్గా రాయడం నేర్పడానికీ ఖర్చుంది. యాప్ కంటే అదే ఎక్కువ పని అని నా అనుమానం.

ఈసారి మినీ ప్రాజెక్టుకి నేను ఇచ్చే టైటిల్ ఇదే. టైటిల్‌లో ఏఐ లేదు కాబట్టి గైడ్ ఒప్పుకుంటారో లేదో తెలీదు. ఫ్లట్టర్ వచ్చినవాళ్ళు ఇద్దరు కావాలి, మైక్రోస్కోపు ఉన్న ల్యాబులో ఎవరికైనా చుట్టాలుంటే ఇంకా మంచిది. ఈ నెలాఖరులోగా చెప్పండి.