పుండు మీద పెట్టే తేనెకు పరీక్ష ఉండాలి



ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల్లో వేప సబ్బు, పసుపు క్రీము, తేనె మలాము ఇప్పుడు ఎక్కడ చూసినా అమ్ముతున్నారు. సంతలో పెడుతున్నారు, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి ఆర్డర్లు తీసుకుంటున్నారు. మన ఆడవాళ్లు నాలుగు పైసలు సంపాదించుకుంటుంటే వద్దనేవాళ్లం కాదు. మా అభ్యంతరమల్లా డబ్బా మీది రాత గురించే. ‘కెమికల్స్ లేవు, సైడ్ ఎఫెక్ట్స్ లేవు, గాయాలు, పుండ్లు, గజ్జి, తామర తగ్గును’ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, అందులో ఏమేం కలిపారు అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఈ పద్ధతి మారాలి. మార్చుకోవడం మన చేతిలోనే ఉంది.

ఇలాంటి సరుకు పుండు మీద పెడితే ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఆ మాటను ఇబ్రహీంపట్నంలో తేలిగ్గా అనలేం. 2022 ఆగస్టు 25న ఇక్కడి సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఒక్కరోజే 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. వాళ్లలో నలుగురు తర్వాతి కొద్ది రోజుల్లోనే ప్రాణాలు కోల్పోయారు. ఆ ఘోరానికీ వేపాకుకూ ఏ సంబంధమూ లేదు. కానీ చర్మం మీద చిన్న గాటు చాలు, ప్రాణం మీదికి రావడానికి. ఆ సంగతి ఇబ్రహీంపట్నానికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. గాయం మీద వేసే ఏ వస్తువునైనా సరే, ‘ఇది శుభ్రమైనదని ఎవరు చూశారు?’ అని అడిగే హక్కు అందరికన్నా ముందు మనకుంది.

తేనెలో మందు గుణం ఉన్న మాట నిజం. అందులో ఎనభై శాతం దాకా చక్కెరలే, నీళ్లు ఇరవై శాతం లోపే. అంత చిక్కటి ద్రవం క్రిమి ఒంట్లోని నీటిని లాగేస్తుంది. పైగా దానికి పులుపు గుణం. తేనెటీగ అందులో కలిపే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పుండులోని తడి తగలగానే కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. దవాఖానలో గాయం మీద పోస్తే బుసబుసా పొంగే మందు అదే. 1991లో షోలాపూర్‌లో ఎం. సుబ్రహ్మణ్యం అనే సర్జన్ 104 మంది కాలినగాయాల రోగుల్లో సగం మందికి తేనె కట్టు, మిగతా సగానికి మామూలుగా వాడే సిల్వర్ సల్ఫాడయజిన్ క్రీము వేసి చూశారు. తేనె కట్టిన పుండ్లే తొందరగా క్రిమిరహితమై మానాయని బ్రిటిష్ సర్జరీ పత్రికలో రాశారు. 2015లో కాక్రేన్ సంస్థ ఇలాంటి పరిశోధనలన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. మరీ లోతుగా లేని కాలినగాయాలు, ఆపరేషన్ తర్వాత చీము పట్టిన కుట్లు తేనెతో త్వరగా మానుతున్నాయని తేల్చింది. షుగర్ రోగుల కాలిపుండ్ల విషయంలో మాత్రం గట్టిగా ఏమీ చెప్పలేమంది. ఈ చివరి మాట ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు రెండుసార్లు చదవండి.

అయితే ఏ తేనె? సాగర్ రోడ్డు పక్కన బకెట్‌లో తేనెతుట్టె పెట్టుకుని అమ్ముతుంటారు. పైన మైనం, రెండు మూడు ఈగలు కనబడతాయి. అడుగున ఉన్నది బెల్లం పాకమో, చక్కెర పాకమో కొనేవాడికి తెలియదు. అగ్గిపుల్ల ముంచి వెలిగించడం, నీళ్లలో చుక్క వేయడం, కుక్క ముందు పెట్టడం లాంటి పరీక్షలన్నీ కాలక్షేపానికే. బ్రాండు సీసా అయితే నమ్మొచ్చా అంటే, 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనె పరీక్ష చేయిస్తే, ఎన్ఎంఆర్ అనే పరీక్షలో పది తప్పాయి. పోనీ కల్తీ లేని జుంటి తేనే దొరికిందనుకుందాం. కాచి వడగడితే ఆ ఎంజైము చచ్చిపోతుంది, బొటులిజం జబ్బు తెచ్చే క్రిమి బీజాలు మాత్రం కాచినా కాచకపోయినా అందులో బతికే ఉండొచ్చు. ఏడాది నిండని పిల్లలకు తేనె నాకించొద్దని డాక్టర్లు అనేది అందుకే. దవాఖానల్లో కట్టు కోసం వాడే తేనెను వేడి చేయరు, గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. అమెరికాలో అలాంటి తేనె కట్టుకు 2007లో అనుమతి వచ్చింది. అది ఒక సరుకు, బకెట్ తేనె ఇంకొక సరుకు.

వేప, పసుపు సంగతీ అంతే. 814 మంది గజ్జి రోగులకు వేపాకు, పసుపు ముద్ద రాస్తే నూటికి 97 మందికి తగ్గిందని 1992లో ఒక ప్రాథమిక అధ్యయనం అచ్చయింది. మనవాళ్లకు అది కొత్త సంగతేం కాదు. కానీ అదే వేపచెట్టు గింజల నూనె చంటిపిల్లలకు తాగిస్తే ఫిట్స్ వచ్చి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపిన పసుపు మార్కెట్లో దొరుకుతుంది, అందులో ఉండేది సీసం. ఇక తామర మీద రెండు రోజుల్లో మాయ చేసే ‘ఆయుర్వేద’ క్రీము అని ఎవరైనా ఇస్తే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని అనుమానించాలి. దురద టక్కున ఆగుతుంది, తామర మాత్రం లోలోపల పాకి మొండిదవుతుంది.

అనుభవం ఒక్కటే చాలదు, రాత కావాలి. 1995లో పసుపుతో గాయం మాన్పే పద్ధతి తమదని అమెరికాలో మిసిసిపి యూనివర్సిటీ పరిశోధకులు పేటెంటు తీసుకున్నారు. మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. ‘మా నాయనమ్మ కూడా పసుపు పెట్టేది’ అంటే అక్కడ చెల్లలేదు. పాత గ్రంథాలు, 1953 నాటి ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసం ముందు పెడితేనే చెల్లింది.

కాబట్టి మా మాట ఇది. మహిళా సంఘాల మండల సమాఖ్య పేరిట ఒక్క షెడ్డు, ఒక్క లైసెన్సు తీసుకోవాలి. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం ఒంటికి సబ్బు, ముఖానికి క్రీము చేసి అమ్మాలంటే లైసెన్సు ఉండాల్సిందే. పుండు మాన్పుతుందని రాస్తే అది మందు కిందికి వస్తుంది, దాని లైసెన్సు వేరు. ఇంటింటికీ ఈ తిప్పలు పడలేం, పదిమంది కలిస్తే పడగలం. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ టెక్నాలజీ పార్కులో ఇలాంటి ఇంటి ఉత్పత్తుల తయారీ నేర్పిస్తారు. అదీ మన జిల్లాలోనే.

మొదట నీళ్లు కలవని సరుకుతో మొదలుపెడదాం. కలబంద గుజ్జు మిక్సీలో కొట్టి సీసాలో పోస్తే చూడ్డానికి బాగుంటుంది. కొన్నాళ్లకు మూత తీస్తే అంచు చుట్టూ బూడిద రంగు బూజు, పుల్లటి వాసన. తడి ఉన్నచోట బూజు పడుతుంది, నిలవ మందు కలపక తప్పదు. తేనె మైనం, కొబ్బరినూనె కరిగించి చేసే పగుళ్ల మలాముకు ఆ బాధ లేదు. సబ్బు కూడా మంచి బేరమే. కాకపోతే కాస్టిక్ సోడా దెబ్బకు తేనెలోని ఎంజైము నిలవదు గనక ‘తేనె సబ్బు, క్రిములను చంపును’ అని రాయొద్దు. మంచి సబ్బు అని రాస్తే చాలు, కొంటారు.

ప్రతి విడతకూ ఒక నంబరు, చేసిన తేదీ, కలిపిన వస్తువులు రిజిస్టర్‌లో ఎక్కాలి, అవే డబ్బా మీద ఉండాలి. విడతకొక నమూనా ల్యాబ్‌కు పోవాలి. ఆ ఖర్చు సమాఖ్య నిధి నుంచి పెట్టుకోవాలి. ఇక గాయాల మాటకొస్తే, కాలినగాయాల కట్టుకు శుద్ధి చేసిన తేనెను దవాఖానకు తెప్పించాలని, డాక్టరు చూసి చెప్పినవాళ్లకే వాడాలని వైద్య శాఖకు అర్జీ పెడదాం. వచ్చే సమాఖ్య మీటింగులో ఉమ్మడి షెడ్డు-లైసెన్సు, వైద్య శాఖకు అర్జీ అనే ఈ రెండు విషయాలూ తీర్మానాల పుస్తకంలో రాయించండి. ఇప్పటికే ఇంట్లో చేసి అమ్ముతున్న అక్కలు తమ డబ్బాలు వెంట తెచ్చుకోండి, మీద రాసిన మాటల్లో ఏది ఉంచాలో ఏది కొట్టేయాలో అక్కడే కూర్చుని చూద్దాం.