అతుకు నిలిచే చోటు

సైకిలుకు టైరు అరిగితే మారుస్తాం, చైను సాగితే మారుస్తాం, చక్రం వంకరపోతే బెండు తీయిస్తాం. అందులో ఆలోచించాల్సింది పెద్దగా ఉండదు. ఫ్రేము విరిగిన రోజున మాత్రం చేతులు ఆడవు. దాన్ని మార్చడమంటే సైకిలునే మార్చినట్టు. దుకాణానికి తీసుకెళ్తే ఒక మెకానిక్ వెల్డింగు పెట్టిస్తే చాలంటాడు. పక్క వీధి మెకానిక్ తూకానికి వేసి కొత్తది కొనుక్కోమంటాడు. ఇద్దరూ చెయ్యి తిరిగినవాళ్ళే. ఎవరి మాట వినాలి?

ఈమధ్య ఎక్కువమంది రెండో మాటే వింటున్నారు. బేరసారాలు, తిరుగుడు లేకుండా పని అయిపోతుంది. కానీ మామూలు సైకిలే అయిదారు వేలు పలుకుతోంది. ఆ డబ్బు ఒక ఇంట్లో లెక్కలోకి రాదు, ఇంకో ఇంట్లో సగం నెల గడిచే డబ్బు. 2011 జనగణన నాటికి దేశంలో నూటికి 45 ఇళ్ళలో సైకిలు ఉంది. అందులో వ్యాయామానికి తొక్కేవి ఎన్నో ఉండవు. పాల క్యాన్లు, కల్లు కుండలు, గడ్డిమోపులు, చీరల మూటలు మోసేవే చాలా. ఫ్రేములు విరిగేదీ ఈ బరువుల కిందే. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేకపోవడానికి కారణం అదే.

ముందు తేల్చుకోవాల్సింది లోహం సంగతి. అంటించిన స్టిక్కరు ఎండకు ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. ఒక అయస్కాంతం ముక్క పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అంటుకుంటే ఉక్కు. జారిపోతే చాలామటుకు అల్యూమినియమే.

ఉక్కయితే ఆశ ఉంది. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, 1956లో లూథియానాలో మొదలైన హీరో, మద్రాసు నుంచి వచ్చిన హెర్క్యులెస్ మన నాన్నల, తాతల కాలంలో ఊరూరా తిరిగిన నల్ల సైకిళ్ళు. వాటిని గమనిస్తే గొట్టాలు కలిసే ప్రతిచోటా ఒక తొడుగు కనిపిస్తుంది. గొట్టాన్ని ఆ తొడుగులో దూర్చి, వేడిచేసి, కరిగిన ఇత్తడిని సందులోకి పారిస్తారు. ఉక్కు కరగాలంటే దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇత్తడికి 900 చాలు. అందుకే గొట్టం చెడకుండానే అతుకు పడుతుంది. అలాంటి ఫ్రేము పుట్టుకే అతుకులతో. మళ్ళీ అతికించడానికి ఆ లోహం ఒప్పుకుంటుంది. ఒక గొట్టం పూర్తిగా పాడైతే తొడుగును కాచి, దాన్ని ఊడబెరికి, కొత్త గొట్టం ఎక్కించిన సందర్భాలూ ఉన్నాయి.

అయితే ఆ పని ఎవరు చేస్తున్నారన్నది ముఖ్యం. చెయ్యి తిరిగిన గ్యాస్ వెల్డరు చేసేటప్పుడు పక్కన నిలబడి చూడాలి. మంట వెలిగించడానికి ముందే సగం పని అయిపోతుంది. రంగంతా గోకేస్తాడు. ఆకురాయితో రుద్ది, మెరిసే లోహం బయటపడ్డాక, తలను పక్కకు వాల్చి బీట ఎంతదాకా పాకిందో వెలుగులో చూస్తాడు. బీట కొసన సన్నటి రంధ్రం వేస్తాడు, ఇక ముందుకు పాకకుండా. గొట్టం నడుమ విరిగి ఉంటే లోపల సరిగ్గా పట్టే చిన్న గొట్టం ముక్కను దూరుస్తాడు. అప్పుడు ఇత్తడి కడ్డీ కొసను కాచి వెలిగారంలో అద్దుతాడు. మంటను ఒకేచోట నిలపడు, అతుకు చుట్టూ తిప్పుతూ ఉంటాడు. గొట్టం ఎర్రబడిన క్షణాన కడ్డీని తాకిస్తే ఇత్తడి నీళ్ళలా జారి సందులో ఇంకిపోతుంది. తొందరగా చల్లారాలని నీళ్ళు పోయడు. దానంతటది చల్లారాక వెలిగారం పెచ్చులు రాల్చి, ఎర్ర ప్రైమరు పూసి ఇస్తాడు. ఆ పూత లేకపోతే కాలిన చోటు మొదటి వానకే తుప్పు పడుతుంది.

ఇదే ఫ్రేమును కిటికీ గ్రిల్లులు, గేట్లు చేసే చోటుకు తీసుకెళ్తే కరెంటు వెల్డింగు పెడతారు. సైకిలు గొట్టం మందం మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. గేటు ఇనుముకు పెట్టే సెగకు అది చిల్లులు పడుతుంది. ఆ చిల్లులు మూయడానికి ముద్దలు ముద్దలుగా లోహం పోస్తారు. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కొన్ని నెలలకు ఆ ముద్ద పక్కనే మళ్ళీ విరుగుతుంది. వెల్డింగు నిలబడదని జనంలో పడిపోయిన అభిప్రాయానికి ఇలాంటి అతుకులే చాలావరకు కారణం. తప్పు అతుకుది కాదు, దాన్ని వేసిన పద్ధతిది.

అల్యూమినియం కథ వేరు. గేర్ల సైకిళ్ళలో చాలావాటికి ఇప్పుడు అదే ఫ్రేము. తేలిగ్గా ఉంటుంది, తుప్పు పట్టదు. కానీ ఫ్రేములకు వాడే అల్యూమినియం మిశ్రమాలకు బలం ఎక్కువగా వచ్చేది కాచడంలోనే. బాగా వాడుకలో ఉన్న 6061 రకాన్ని ఫ్యాక్టరీలో 530 డిగ్రీల దాకా కాచి, నీళ్ళలో చల్లార్చి, తిరిగి 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. వెల్డింగు సెగ తగిలిన చోట ఆ బలం చాలావరకు పోతుంది. ఫ్రేము మొత్తాన్ని మళ్ళీ అలా కాచే కొలిమి మన బజారులో ఉండదు. పైగా ఉక్కు ఒక హద్దులోపు కుదుపులను ఎన్ని లక్షలసార్లయినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ప్రతి గతుకూ దాని ఆయుష్షులోంచి కొంత తీసుకుంటుంది. ఒకచోట బీట పడిందంటే మిగతా చోట్ల కూడా చాలా అలసట పేరుకుని ఉంటుందనే అనుకోవాలి. అలాంటి సైకిలును అతికించి పిల్లవాడి చేతికి ఇవ్వడం పొదుపు కాదు. కార్బన్ ఫ్రేముల మరమ్మతు పూర్తిగా వేరే విద్య. దానికి ప్రత్యేకంగా నేర్చినవారి దగ్గరికే వెళ్ళాలి.

ముందు చక్రాన్ని పట్టి ఉండే ఫోర్కు సంగతి విడిగా చెప్పాలి. 1913 టూర్ ద ఫ్రాన్స్ పందెంలో యూజెన్ క్రిస్టోఫ్ అనే సైక్లిస్టు పిరనీస్ పర్వతాల్లో టూర్‌మలే కనుమ దిగుతుండగా ఫోర్కు విరిగింది. పరాయి సాయం తీసుకోకూడదని నియమం. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా కొండ దిగి, సెంత్ మరీ ద కాంపాన్ అనే పల్లెలో కమ్మరి కొలిమి చేరాడు. పందెం అధికారులు పక్కన నిలబడి చూస్తుండగా మూడు గంటలకు పైగా శ్రమించి ఫోర్కును తానే అతికించుకున్నాడు. కొలిమి తిత్తి ఊదింది ఒక కుర్రాడు. ఆ సాయానికి కూడా పది నిమిషాలు జరిమానా వేశారు. అయినా చివరిదాకా తొక్కి ఏడో స్థానంలో నిలిచాడు. ఇవాళ అదే పందెంలో సైకిలు చెడితే వెనక కారులోంచి ఇంకొకటి క్షణాల్లో దించుతారు.

క్రిస్టోఫ్ పట్టుదల తలచుకున్నప్పుడల్లా గౌరవం కలుగుతుంది. ఆయన చరిత్రలో అంతగా చెప్పుకోని సంగతి ఒకటుంది. 1919లో ముందంజలో ఉండగా, మళ్ళీ 1922లో, ఆయన ఫోర్కులు విరిగాయి. ఫ్రేము గొట్టం బీటలిస్తే చాలాసార్లు ముందుగా కిరకిరమంటుంది, రంగు మీద సన్నటి తుప్పు గీత కనిపిస్తుంది, సైకిలు పక్కకు లాగుతుంది. దిగి నడిపించుకు రావడానికి వ్యవధి ఉంటుంది. ఫోర్కు విరిగితే ఆ వ్యవధి ఉండదు, మనిషి మొహం మీద పడతాడు. ఎంత మంచి వెల్డరు దొరికినా ఫోర్కు అతికించకూడదు. కొత్త ఫోర్కు ఖరీదు కొత్త సైకిలు ధరలో చిన్న వంతే.

అతికించడానికీ కొత్తది కొనడానికీ మధ్య ఇంకో దారి ఉంది. ఉత్త ఫ్రేము దొరికితే పాత చక్రాలు, హ్యాండిలు, సీటు, పెడళ్ళు దాని మీదికి ఎక్కించుకోవచ్చు. మనవాళ్ళు ఎన్నాళ్ళుగానో చేస్తున్న పనే. ఇప్పుడు ఆ ఫ్రేములు తెప్పించే దుకాణాలు తగ్గాయి, ఎక్కించే ఓపిక ఉన్నవాళ్ళూ తగ్గారు. 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్ళు-ఎలక్ట్రానిక్స్, గృహోపకరణాలు, వాహనాలు అని నాలుగు రంగాలను ఎంచుకున్నారు. సామాన్యుడి సైకిలుకు ఆ జాబితాలో విడిగా చోటు లేదు. ఫ్రాన్స్ 2020లో పాత సైకిళ్ళ మరమ్మతుకు ఒక్కోదానికి 50 యూరోల దాకా ప్రభుత్వ ఖజానా నుంచి ఇచ్చింది. అంత డబ్బు మనకు అక్కర్లేదు. పని తెలిసిన చెయ్యి అందుబాటులో ఉంటే చాలు.

ఆ చేతులు మన దగ్గర లేకపోలేదు. ఐటీఐల్లో వెల్డరు కోర్సులో గ్యాస్ వెల్డింగు, ఇత్తడి అతుకు నేర్పుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు. ఇకముందు ఏ ప్రభుత్వం పంచినా, పంచడంతో పని అయిపోయిందనుకోకూడదు. ఏడాదికి ఒకరోజు దగ్గరి ఐటీఐ అధ్యాపకుడు, శిక్షణలో ఉన్న విద్యార్థులు, ఊరి సైకిలు మెకానిక్ కలిసి హైస్కూలుకు వెళ్ళి, పిల్లల సైకిళ్ళన్నీ పరీక్షించి, అతికించగలిగినవి అక్కడే అతికించి, పనికిరానివి పక్కన పెట్టించేలా విద్యాశాఖ ఏర్పాటు చేయాలి.