గీత గీసే బల్ల దగ్గర మన కుర్చీ ఏది?

పట్నం పెరుగుతున్నది. పెరగొద్దని మనం అనటం లేదు. పట్నం పెరిగితే ఊళ్ళో దొర పెత్తనం సడలుతుందని మనకంటే బాగా ఎవరికి తెలుసు? వెట్టి ఎగ్గొట్టి, రాత్రికి రాత్రి మూట కట్టుకుని హైదరాబాద్ బస్తీల్లో తలదాచుకున్న తాతల కథలు మన వాడల్లో ఇంటికొకటి ఉన్నాయి. కూలి గిట్టని చోట, మంచినీళ్ళ బావి దగ్గర దూరంగా నిలబెట్టిన చోట మనకేం మమకారం? ఊరు పచ్చగా ఉంటుందని పాటలు రాసేది ఊరి నడుమ ఇల్లున్నవాళ్ళు. ఊరి చివర ఉన్నవాళ్ళు కాదు.

బాబాసాహెబ్ ఈ సంగతి ఎప్పుడో చెప్పారు. 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలోనే, భూమి మీద బతికే జనం మోయలేనంత ఎక్కువయ్యారనీ, వాళ్ళకు పరిశ్రమల్లో పని దొరక్కపోతే వ్యవసాయం కూడా బాగుపడదనీ వాదించారు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో పల్లెను ఆకాశానికెత్తేవాళ్ళను నిలదీశారు. అంతకుముందు 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు, దామోదర్ లోయ పథకం రూపు దిద్దుకోవటంలో ఆయన చెయ్యి ఉన్నది. బీహార్, బెంగాల్ రెండింటి గుండా పారే నదికి ఒకే ప్రణాళిక, ఒకే సంస్థ ఉండాలన్న ఆలోచన అది. కాబట్టి ఒక ప్రాంతమంతటికీ కలిపి ప్రణాళిక వేయటం మనకు శత్రువు కాదు. మన పెద్దాయన చేసిన పనే అది.

మరి మన గొడవేంది? గీత గీసేది ఎవరు, ఆ గీత వల్ల బాగుపడేది ఎవరు అన్నదే మన గొడవ.

కలిపి ప్రణాళిక ఎందుకు వేయాలో ముందు అర్థం చేసుకుందాం. పట్నానికి హద్దురాయి ఉంటుంది గానీ పట్నం చేసే పనులకు హద్దురాయి ఉండదు. ఫ్యాక్టరీ ఒక పంచాయతీలో ఉంటుంది, అందులో పనిచేసే కూలీలు ఇంకో పంచాయతీలో ఉంటారు. పన్ను మొదటి పంచాయతీకి పోతుంది. కూలీల పిల్లలకు బడి, నల్లా, మోరీ కట్టించే భారం రెండో పంచాయతీ మీద పడుతుంది. హైదరాబాద్ చెత్త జవహర్‌నగర్‌కు పోతుంది. హైదరాబాద్ మురుగు మూసీలో కలిసి నల్లగొండ పొలాల దాకా పోతుంది. ఆ చెత్త కంపు పీల్చేవాళ్ళకు పట్నం కార్పొరేషన్‌లో చాలా కాలం ఓటు లేకుండా పోయింది, ఆ నీళ్ళతో వరి పండించేవాళ్ళకు ఇప్పటికీ లేదు. అందుకే పట్నాన్నీ, చుట్టూ ఉన్న ఊళ్ళనూ ఒక్క బల్ల ముందు కూర్చోబెట్టే సభ ఒకటి కావాలి. రోడ్డు ఎటు పోవాలి, కంపెనీ ఎక్కడ రావాలి, నీళ్ళు ఎవరికెంత, చెత్త ఎక్కడ వేయాలి అన్నవి అక్కడ తేలాలి.

ఇది మన కోరిక మాత్రమే కాదు. రాజ్యాంగంలో రాసి ఉన్నది. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ సవరణ రెండు కమిటీల గురించి చెప్పింది. 243 జెడ్‌డి అధికరణం కింద జిల్లా ప్రణాళికా కమిటీ. 243 జెడ్‌ఈ అధికరణం కింద, పది లక్షలు, అంతకు మించి జనం ఉన్న మహానగర ప్రాంతానికి మెట్రోపాలిటన్ ప్రణాళికా కమిటీ. ఈ రెండో కమిటీలో మూడింట రెండు వంతులకు తగ్గకుండా సభ్యులు ఎన్నికైనవాళ్ళే ఉండాలి. ఆ ప్రాంతంలోని మునిసిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలోంచి తాము వాళ్ళను ఎన్నుకోవాలి. మునిసిపాలిటీలు, పంచాయతీలు వేసుకున్న ప్రణాళికలను చూసి, నీళ్ళూ తదితర వనరుల పంపకాన్నీ రోడ్లూ తదితర సౌకర్యాలనూ లెక్కలోకి తీసుకుని, మొత్తం ప్రాంతానికి ముసాయిదా ప్రణాళిక తయారు చేయాలి. అంటే ప్రణాళిక ఊళ్ళోంచి మొదలై పైకి పోవాలి. పైనుంచి ఊరి నెత్తిన పడొద్దు.

మన దగ్గర జరిగిందేమిటి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెట్రోపాలిటన్ ప్రణాళికా కమిటీల చట్టం 2007లోనే వచ్చింది. 2008లో హుడానూ, సైబరాబాద్, విమానాశ్రయం, బుద్ధపూర్ణిమ సంస్థలనూ కలిపి హెచ్‌ఎండీఏను పుట్టించారు. ఏడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా దాని చేతికిచ్చారు. దాని అధ్యక్షుడు ముఖ్యమంత్రి. దాన్ని నడిపే కమిషనర్ ఐఏఎస్ అధికారి. 2031 దాకా ఏ సర్వే నంబరులో ఏం రావాలో చెప్పే మాస్టర్ ప్లాన్ 2013లో వచ్చింది. దాన్ని తయారు చేసింది హెచ్‌ఎండీఏనే. 2025లో దాని హద్దులు ఇంకా పెంచారు. అదే ఏడాది రంగారెడ్డి జిల్లాలో 56 ఊళ్ళతో ఫ్యూచర్ సిటీకి వేరే అథారిటీ పెట్టారు. రాజ్యాంగం సర్పంచికీ, కౌన్సిలర్‌కూ ఇచ్చిన పనిని ఒక్కొక్క అథారిటీ ఎత్తుకుపోతున్నది. సర్పంచికి మిగిలింది వీధి దీపాలు.

'సర్పంచులకు ప్లానింగ్ ఏం తెలుసండీ' అని అడిగే పెద్దమనుషులు ఉన్నారు. ఒకనాడు మనకు ఓటు గురించీ ఇదే అన్నారు. ఇంజనీరు గీత గీస్తాడు, కాదనటం లేదు. గీత ఎవరి కోసం గీయాలో చెప్పటానికి ఇంజనీరింగ్ చదవనక్కరలేదు. వాన పడితే నీళ్ళు ఎవరి గుడిసెలోకి వస్తాయో చెప్పటానికి ఆ గుడిసెలో ఉంటే చాలు.

ఇంకో సంగతి గమనించండి. పంచాయతీల్లో మనకు 243 డి కింద రిజర్వేషన్ ఉన్నది. మునిసిపాలిటీల్లో 243 టి కింద ఉన్నది. ప్రణాళికా కమిటీల గురించి చెప్పే అధికరణంలో మాత్రం ఎస్సీలకింత, ఎస్టీలకింత అన్న మాట లేదు. వార్డు మెంబరు కుర్చీ దాకా మనల్ని రానిచ్చిన రాజ్యాంగ సవరణ, భూమి ధర తేల్చే బల్ల దగ్గర మన కుర్చీ వేయటం మరిచిపోయింది. రాష్ట్ర చట్టంలో ఆ కుర్చీ వేయొచ్చు. అడిగేవాళ్ళు కావాలి.

ఆ బల్ల మీద ఏం తేలుతుందో ఒక్క లెక్క చెప్తాను. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్‌ఎండీఏ 45 ఎకరాల చిల్లర వేలం వేసింది. 3,300 కోట్ల రూపాయల పైచిలుకు పలికింది. ఒక ప్లాటు ఎకరానికి 100 కోట్ల 75 లక్షలకు పోయింది. ఆ ధర ఆ మట్టిలోంచి మొలిచిందా? లేదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వేస్తే వచ్చింది. పక్కన ఐటీ కంపెనీలకు చోటిస్తే వచ్చింది. ఎన్ని అంతస్తులైనా లేపుకోమంటే వచ్చింది. అంటే సర్కారు చేసిన పనుల వల్ల, జనం కట్టిన పన్నుల వల్ల వచ్చింది. అందరి సొమ్ముతో పెరిగిన ధరలో అందరికీ వాటా ఉండాలి గదా? ఆ మేడలకు ఇటుకలు మోసిన పాలమూరు లేబర్‌కు ఆ ధరలో వాటా ఏది? ఆ రోడ్లు తెల్లవారక ముందే ఊడ్చే మన అక్కచెల్లెళ్ళకు ఆ పక్కన ఒక్క గది ఇల్లు ఏది?

ఇక అసైన్డ్ భూములు, మన లావణి పట్టాలు. కొత్త రోడ్డుకైనా, ఇండస్ట్రియల్ పార్కుకైనా అధికారి మొదట ఏ భూమి మీద వేలు పెడతాడు? 'ఇది సర్కారు భూమేలే' అని మన భూమి మీద పెడతాడు. పట్టా కాగితంలో ఉన్న ఒక షరతును చూపించి, ప్రజావసరానికి వాపసు తీసుకుంటున్నామంటాడు. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకాన్ని నిషేధించింది. పేదవాడి చేతిలోంచి భూమి జారిపోకుండా చేసిన చట్టం అది. అదే చట్టాన్ని చూపించి 'అమ్ముకునే హక్కు లేనివాడికి మార్కెట్ ధర ఎందుకు' అంటారు. రక్షణకు వేసిన కంచె మన మెడకు తాడైంది.

కానీ మిత్రులారా, ఈ మాటకు హైకోర్టు 2004లోనే జవాబు చెప్పింది. చేవెళ్ళ డివిజన్ నుంచి వచ్చిన కేసులో విస్తృత ధర్మాసనం, అసైన్డ్ భూమి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పూర్తి మార్కెట్ విలువ కట్టివ్వాలని తీర్పిచ్చింది. ఈ తీర్పు మన వాడల్లో ఎంతమందికి తెలుసు? తెలియకుండా ఎంతమంది వేలిముద్రలు వేశారు?

తీర్పు వచ్చిన పదకొండేళ్ళకు అమరావతిలో ఏం చేశారో చూడండి. సీఆర్‌డీఏ పెట్టారు. దానికీ ముఖ్యమంత్రే అధ్యక్షుడు. 2015 భూసమీకరణ నిబంధనల్లో, ఎకరం పట్టా భూమి ఇచ్చినవాళ్ళకు 1,000 గజాల ఇంటి స్థలం తిరిగిస్తామన్నారు. ఎకరం అసైన్డ్ భూమి ఇచ్చినవాళ్ళకు 800 గజాలే అన్నారు. రాజధాని ఒకటే, రోడ్డు ఒకటే. మాల మాదిగల ఎకరం మాత్రం చిన్నదయింది! సెంటు భూమి లేని కూలి కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నారు. మల్లె తోటల్లో, అరటి తోటల్లో ఏడాది పొడుగునా దొరికే పనికి కట్టిన వెల అది. భూమి ఉన్నవాడికి భూమి పోతే ప్లాటు వచ్చింది. పని మాత్రమే ఉన్నవాడికి పని పోతే పింఛను వచ్చింది. ఆ బల్ల దగ్గర కూలివాళ్ళ తరఫు మనిషి ఒక్కడు కూర్చుని ఉంటే లెక్క ఇట్లా ఉండేదా?

వాటా పంచటం కుదరని పని అంటారు. కుదురుతుందని చెప్పటానికి దూరదేశపు ముచ్చట ఒకటి చెప్తాను. అమెరికాలో మిన్నెసోటా అనే రాష్ట్రం ఉన్నది. మినియాపోలిస్, సెయింట్ పాల్ అని జంట నగరాలు, మన హైదరాబాద్ సికింద్రాబాద్‌ల లాగా. ఆ నగరాలకూ చుట్టూ ఉన్న ఏడు కౌంటీలకూ కలిపి 1967లో మెట్రోపాలిటన్ కౌన్సిల్ పెట్టారు. మురుగు శుద్ధి, బస్సులు, పెద్ద పార్కులు అది చూస్తుంది. పేదలు భరించగల ఇళ్ళు ఏ ఊరికి ఎన్ని కావాలో కూడా లెక్క గడుతుంది. 1971లో అక్కడ ఇంకో చట్టం చేశారు. వ్యాపార, పారిశ్రామిక ఆస్తుల వల్ల ఒక ఊరికి పన్ను వేసుకునే విలువ ఎంత పెరిగితే, ఆ పెరిగినదాంట్లో నూటికి 40 వంతులు ఉమ్మడి ఖాతాలో పడుతుంది. ఆస్తి విలువ తక్కువ ఉన్న ఊళ్ళకు అందులోంచి ఎక్కువ పోతుంది. మాల్ ఒక ఊళ్ళో కట్టినా దాని ఫలం పక్క ఊరికీ అందుతుంది. అక్కడి కౌన్సిల్‌లోనూ లోపమున్నది, సభ్యులను జనం ఎన్నుకోరు, గవర్నర్ నియమిస్తాడు. ఆ పద్ధతి మనకొద్దు. పంచే పద్ధతి మాత్రం యాభై ఏళ్ళు దాటినా నడుస్తున్నది. అక్కడ నడిచింది శంకర్‌పల్లికీ యాచారానికీ నడవదా?

మన డిమాండ్లు నాలుగు. మెట్రోపాలిటన్, జిల్లా ప్రణాళికా కమిటీలకు రాజ్యాంగం చెప్పిన పని చెప్పినట్టు అప్పజెప్పాలి. అథారిటీలు ఆ కమిటీల కింద పనిచేయాలి. ఇది ఒకటి. ఆ కమిటీల్లో దళితులకు, ఆదివాసులకు జనాభా ప్రకారం కుర్చీలు, అందులో ఆడవాళ్ళకు వాటా చట్టంలోనే రాయాలి. ఇది రెండు. అసైన్డ్ భూమికి పట్టా భూమితో సమానంగా గజం తగ్గకుండా, రూపాయి తగ్గకుండా ఇవ్వాలి, భూమిలేని కూలీలకు అక్కడే ఇల్లు, పిల్లలకు అక్కడే ఉద్యోగ శిక్షణ ఇవ్వాలి. ఇది మూడు. భూముల వేలం సొమ్ములో దళితవాడలకు, బస్తీలకు ఇంత భాగమని ముందే కట్టిపెట్టాలి. ఇది నాలుగు.

డిమాండ్లు సర్కారు కోసం. మన కోసం కొంత హోంవర్కు ఉన్నది. బడిపంతుల్ని గదా, హోంవర్కు ఇవ్వకుండా వదలను. మాస్టర్ ప్లాన్ పటం చూడగానే భయపడొద్దు. నాలుగో తరగతి పిల్లవాడు చదివే పటం లాంటిదే అది, రంగుల అర్థం తెలిస్తే చాలు. నివాసానికి ఒక రంగు, పరిశ్రమకు ఒక రంగు, కట్టడాలు వద్దన్న భూమికి ఒక రంగు. మీ వాడలో లావణి పట్టాలున్న సర్వే నంబర్లన్నీ ఒక నోటుబుక్కులో రాయండి. ఒక్కొక్క నంబరు పటంలో ఏ రంగులో ఉందో చూడండి. మన భూమికి ఆకుపచ్చ, పక్కన పెద్దాయన భూమికి కమర్షియల్ రంగు ఎందుకు పడ్డదో అడగండి. పటం తెలుగులో కావాలని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవాళ్ళకు ఆ దరఖాస్తుకు ఫీజు లేదు. ముసాయిదా ప్లాన్ వచ్చినప్పుడు అభ్యంతరాలకు గడువు పెడతారు. ఆ ప్రకటన పేపర్లో ఏ మూలనో పడుతుంది. గడువులోగా కాగితం మీద రాసి ఇవ్వండి, ముద్ర వేయించుకున్న నకలు దాచుకోండి. నోటి మాటకు ఆఫీసులో విలువ లేదు. గ్రామసభలో తీర్మానం చేయించండి. రిజర్వుడు సీటులో గెలిచిన మన సర్పంచి వెనక పెద్దరెడ్డో, పెద్దరావో నిలబడి సంతకం పెట్టించకుండా మనం నిలబడాలి.

భూమిని దున్నేవాడిదే భూమి అని మన పెద్దలు కొట్లాడారు. ఆ మాట పాతబడలేదు. కానీ ఈ రోజు భూమి చేతులు మారేది పొలం గట్టు మీద కాదు. ఏసీ గదిలో, పటం మీద, పెన్సిలు గీతతో మారుతున్నది. అరక పట్టిన చేతులు ఆ పెన్సిలు కూడా పట్టాలి. రాబోయే గ్రామసభకు సర్వే నంబర్ల నోటుబుక్కుతో రండి.

జై భీమ్!