ఊపిరికి తాళం

మాయాబందర్‌లో పడవ ఇంజను మొరాయిస్తే జాలరి కంపెనీ మనిషి కోసం ఎదురుచూడడు. స్పానరు అందుకుంటాడు. స్కూబా డైవర్‌కు ఆ వెసులుబాటు లేదు. సిలిండర్‌లో 200 బార్ల దాకా ఉండే గాలి ఒత్తిడిని పీల్చుకోదగ్గ స్థాయికి దించేది రెగ్యులేటర్. దాన్ని ఏటా తనిఖీ చేయించమని చాలా కంపెనీలు చెబుతాయి. అందులో అరిగేవి మాత్రం ఓ-రింగులు, వాల్వు సీట్ల వంటి చిన్న భాగాలే. వాటిని, సర్వీసు మాన్యువళ్లను పెద్ద కంపెనీలు చాలావరకు అధీకృత డీలర్లకే ఇస్తాయి.

భద్రత కోసమేనన్నది వాటి వాదన. నిజమే, తప్పుగా బిగించిన సీటు నీటి అడుగున ప్రాణం మీదికి తేగలదు. కానీ ఉత్తర, మధ్య అండమాన్ జిల్లా కేంద్రమైన మాయాబందర్ నుంచి శ్రీవిజయపురం (పాత పోర్ట్‌బ్లెయిర్) సుమారు 240 కిలోమీటర్లు. అక్కడి నుంచి చెన్నైకి ఓడలో దాదాపు మూడు రోజులు. దూరం పెరిగేకొద్దీ సర్వీసు వాయిదా పడుతుంది. ఆ వాయిదా కూడా ప్రమాదమే.

మధ్యే మార్గం ఉంది. వృత్తి డైవర్లకు హెల్మెట్లు తయారుచేసే అమెరికా కంపెనీ కిర్బీ మోర్గాన్ మాన్యువళ్లను అందరికీ అందుబాటులో ఉంచింది, వాడేవారికే నిర్వహణలో శిక్షణ ఇప్పిస్తోంది. మన కేంద్రం 2022లో 'మరమ్మతు హక్కు'పై కమిటీ వేసినప్పుడు సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు, వ్యవసాయ పరికరాలను ఎంచుకుంది. డైవింగ్ పరికరాలకు చోటు దక్కలేదు. శిక్షణ పొందినట్లు రుజువు చూపినవారికి విడిభాగాలు అమ్మాలన్న నిబంధన చాలు. ట్రాక్టరు రైతుకిచ్చే హక్కు డైవర్‌కు ఎందుకు ఉండకూడదు?