మ్యాప్‌లో గ్రీన్.. రోడ్డుపై మోకాల్లోతు నీళ్లు!

హైదరాబాద్‌లో గట్టి వాన పడిందంటే చాలు.. ఆఫీసు నుంచి బయల్దేరేవాళ్లు ముందు ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరుస్తారు. రెడ్ కనిపిస్తే రూట్ మార్చేస్తారు. మామూలు రోజుల్లో ఇది బాగానే పనిచేస్తుంది. చిక్కంతా వాన రోజునే.

ఆ రంగులు రోడ్డును చూసి వేసేవి కావు. ఆ దారిలో ఫోన్లు ఎంత స్పీడుగా కదులుతున్నాయో లెక్కగట్టి, పాత ట్రాఫిక్ డేటానూ కలిపి వేసేవి. 2020లో సైమన్ వెకర్ట్ అనే ఆర్టిస్ట్ బెర్లిన్‌లో 99 ఫోన్లను చిన్న బండిలో వేసుకుని మెల్లగా లాక్కెళ్తే.. ఖాళీ వీధి కాస్తా మ్యాప్‌లో రెడ్ అయిపోయింది! దీన్నే తిరగేసి చూడండి. మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలిచి బండ్లు అటు వెళ్లడమే మానేస్తే, మెల్లగా కదిలే ఫోన్లూ ఉండవు. మునిగిన దారి ఖాళీ దారిలా కనిపించే ప్రమాదం ఉంది.

2024 నవంబర్‌లో యూపీలోని బరేలీ దగ్గర వరదకు తెగిన వంతెన పైనుంచి కారు రామగంగలో పడి ముగ్గురు చనిపోయారు. మ్యాప్ చూపిన దారిలోనే వచ్చి ఉంటారని పోలీసులు అనుమానించారు. అయితే వంతెన మూసేయని అధికారులను వదిలేసి మ్యాప్‌నొక్కదాన్నే తిట్టడం సరికాదు.

నీళ్లు నిలిచిన రోడ్లపై అలర్ట్ ఇచ్చే ఫీచర్‌ను గూగుల్ 2024లోనే మన దేశానికి తెచ్చింది. కానీ అది ఎక్కువగా దారిలో వెళ్లేవాళ్లు చేసే రిపోర్టుల మీదే ఆధారపడుతుంది. అంటే ముందుగా ఎవరో ఒకరు ఆ నీళ్లదాకా వెళ్లాల్సిందే. నీళ్లు నిలిచిన చోట్లను ట్రాఫిక్ పోలీసులు ఎక్స్‌లో పోస్ట్ చేస్తుంటారు. రూట్ మార్చే ముందు అదీ ఓసారి చూసుకోవాలి, ముఖ్యంగా బైక్‌పై వెళ్లేవాళ్లు.